ర్యామ్ రెండు స్టిక్కులుగా కొనండి

పిల్లలూ,

కొత్త డెస్క్‌టాప్‌కి ర్యామ్ (పని జరుగుతున్నంతసేపూ డేటా ఉండే మెమరీ) 16 జీబీ సరిపోతుందా, 32 వేయించాలా అని మీలో మీరు వాదించుకుంటున్నారట. అది తేలిగ్గానే తేలుతుంది: చదువుకీ, బ్రౌజర్‌కీ, మామూలు ఆటలకీ 16 చాలు, వీడియో ఎడిటింగో పెద్ద పెద్ద ఆటలో ఉంటే 32 తీసుకోండి. దాన్ని ఎన్ని స్టిక్కులుగా, అంటే ర్యామ్ చిప్పులు అమర్చిన సన్నటి పలకలుగా, కొనాలన్నది మాత్రం చాలామంది పట్టించుకోరు, నాకు బెంగంతా అక్కడే.

ఒక్క స్టిక్ కొనకండి, సమానమైనవి రెండు కొనండి. మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కి మెమరీ వైపు రెండు దారులుంటాయి, వాటినే చానెల్స్ అంటారు. ఒకటే స్టిక్ పెడితే రెండో దారి ఊరికే పడి ఉంటుంది. మీరే లెక్కేయండి. డీడీఆర్4 అనేది ర్యామ్‌లో ఒక తరం, దాని తర్వాతిది డీడీఆర్5, పక్కనుండే అంకె వేగం. డీడీఆర్4 3200 అంటే సెకనుకి 320 కోట్ల సార్లు, సారికి 8 బైట్ల చొప్పున, మొత్తం 25.6 జీబీ డేటా వెళ్లగలదు, రెండు చానెల్స్ పనిచేస్తే అదే 51.2 అవుతుంది. ఉత్తరాలు టైప్ చేసుకునేవాళ్లకి ఈ తేడా తెలియదు గానీ, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్లో ఆట ఆడితే వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే అక్కడ బొమ్మ గీసే పని కూడా ఈ ర్యామ్ మీదే పడుతుంది.

అలాగని మదర్‌బోర్డు మీద స్టిక్కులు పెట్టే నాలుగు స్లాట్లూ నింపేయొద్దు. చానెల్స్ రెండే కాబట్టి నాలుగు పెట్టినా దారులు పెరగవు, పైగా ఒక్కో దారి మీద రెండేసి స్టిక్కుల భారం పడి వేగం తగ్గించాల్సి వస్తుంది. డీడీఆర్5తో ఇది మరీ ఎక్కువ. రైజెన్ 7000 ప్రాసెసర్లకి వాటి తయారీ కంపెనీ ఏఎండీ ఇచ్చిన లెక్కే చూడండి: రెండు స్టిక్కులకి వేగం 5200, నాలుగైతే 3600! అందుకే 32 కావాలంటే 16 జీబీవి రెండు, ఒకే ప్యాకెట్‌లో జతగా వచ్చినవి. ఇప్పుడొకటి, ఏడాది తర్వాత ఇంకోటి కొందాం అనుకోవద్దు, పేరూ మోడలూ ఒకటే అయినా లోపలి చిప్పులు మారిపోయి ఉండొచ్చు. డీడీఆర్4 బోర్డులో డీడీఆర్5 పట్టదు, రెండిటికీ 288 పిన్నులే అయినా మధ్యలో గాటు వేరేచోట ఉంటుంది, కొనేముందు బోర్డు ఏదో చూసుకోండి.

బిగించేటప్పుడు, నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ వాడాలి, బోర్డుతో వచ్చిన పుస్తకంలో బొమ్మ వేసి ఉంటుంది. గాటు సరిచూసుకుని రెండు చివరలూ సమానంగా నొక్కండి, క్లిప్పు టక్కుమని పడాలి. డీడీఆర్5 అయితే మొదటిసారి ఆన్ చేశాక కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగానే ఉండొచ్చు, టెన్షన్ పడి స్విచ్ కట్టేయకండి, బోర్డు మెమరీని సరిచూసుకుంటోందంతే.

ఆ తర్వాత బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి ఎక్స్‌ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ, అంటే ర్యామ్‌ని డబ్బా మీద రాసిన వేగంతో నడిపించే సెట్టింగు, ఆన్ చేయండి, లేకపోతే డబ్బా మీద 6000 అని ఉన్న ర్యామ్ కూడా 4800 దగ్గరే నడుస్తుండొచ్చు. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామ్‌ని ఒక రాత్రంతా నడవనివ్వండి. ఒక్క ఎర్రర్ వచ్చినా వదిలేయొద్దు. ముందు ఎక్స్‌ఎంపీ ఆపి చూడండి, అప్పటికీ వస్తే స్టిక్కులు ఒక్కొక్కటిగా పెట్టి పరీక్షించి, తేడా చేస్తున్నది ఏదో తేలాక వారంటీ కింద జత మొత్తం మార్పించుకోండి.

మీ పెదనాన్న