చలి బట్టలు: దర్జీ దగ్గర రోజూ వినిపించే అపోహలు

డిసెంబరు వస్తే చాలు, మహబూబ్‌నగర్‌లోని మా దుకాణానికి జర్కిన్లు, కోట్లు పట్టుకొని వస్తారు. "ఇంకాస్త బిగించండి, చలి దూరకూడదు" అంటారు. కుట్టు విప్పి బిగిస్తే నాకు కూలి గిట్టుతుంది, వారికి మాత్రం చలి తగ్గదు.

అపోహ: ఒంటికి అతుక్కుంటేనే వెచ్చదనం.

వాస్తవం: బట్ట వేడిని పుట్టించదు. ఒంటి వేడినే పోనివ్వకుండా ఆపుతుంది. ఆ పని ఎక్కువగా చేసేది పోగుల మధ్య, పొరల మధ్య కదలకుండా నిలిచిన గాలి. బట్టను బిగిస్తే దానికి చోటుండదు. స్వెటరు మీద వేసుకునే కోటుకైతే ఛాతీ దగ్గర నాలుగైదు అంగుళాల లూజు వదులుతాను. చంకలో పట్టేసిందంటే చేయి ఎత్తినప్పుడల్లా నడుము బయటపడుతుంది.

అపోహ: అయితే ఎంత వదులైతే అంత మంచిది.

వాస్తవం: అదీ కాదు. బండి మీద వెళ్తుంటే మెడ, ముంజేతులు, నడుము దగ్గర వెచ్చని గాలి బయటికి పోయి చల్లగాలి దూరుతుంది. లోపల వదులుండాలి, అంచులు మూసుకోవాలి. చేతి పట్టీకి ఎలాస్టిక్ వేయించుకోండి, చర్మం మీద గాటు పడనంత వరకే. పాలమూరు గొర్రెల కాపరుల గొంగడి చూడండి: నల్లగొర్రె ఉన్ని, దానికి పట్టించిన చింతగింజల గంజి. కొలత లేదు, గుండీ లేదు. తల మీదుగా కప్పుకొని ముందుకు లాక్కుంటే లోపల వదులు, అంచులు మూత. దర్జీ అవసరమే లేదు, ఏం చెప్పను!

అపోహ: మందపాటిది ఒక్కటి చాలు.

వాస్తవం: మన దగ్గర తెల్లవారుజామున వణికించి, మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది. రెండు మూడు పలుచని పొరలైతే ఒక్కొక్కటే తీసేయవచ్చు. మందపాటి దానిలో చెమట పడుతుంది, లోపలి నూలు బనియను తడుస్తుంది. నీరు గాలి కంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తుంది. యాసంగి నాట్లకు మడిలో దిగేవారు పొడి బట్ట ఒకటి గట్టు మీద ఉంచుకోవడం మేలు.

రెండు జతల సాక్సులు తొడిగి బూటులో ఇరికించినా అంతే, రక్తం సరిగా ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి.

పసిపిల్లల సంగతి వేరు. పెద్దలకంటే ఒక్క పొర ఎక్కువైతే చాలు. ఇంట్లో పడుకోబెట్టేటప్పుడు టోపీ తీసేయాలి. మెడ వెనుక చేయి పెట్టి చూడండి, చెమటగా ఉంటే ఒక పొర తగ్గించండి.

కోటు కుట్టించుకునేవారు లోపల వేసుకునే స్వెటరుతోనే రండి. బనియను మీద కొలతిచ్చి, తరువాత బిగుతైందని నన్ను అనకండి.