చిన్నపిల్లలతో గుడారంలో సెలవులు: సామాను అమరికపై అపోహలు - వాస్తవాలు

చిన్నపిల్లలున్న కుటుంబాలకు క్యాంపింగ్ విడిదులు ఏర్పాటు చేయడం, మొదటి రాత్రి వారికి తోడుగా ఉండటం నా వృత్తి. చీకటి పడ్డాక చాలా గుడారాల్లో ఒకే దృశ్యం చూస్తాను: పాప నిద్రకు ఏడుస్తుంటుంది, తండ్రి ఫోను వెలుతురులో మూడో సంచి తిరగేస్తుంటాడు, తల్లి ఆ వస్తువు తప్పకుండా తెచ్చామని చెబుతుంటుంది. వస్తువు నిజంగానే ఉంటుంది, ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. ఎంతో జాగ్రత్తగా బయలుదేరినవారికే ఇలా జరగడం చూసి చూసి, లోపం కొన్ని నమ్మకాల్లో ఉందని గ్రహించాను.

అపోహ: పిల్లలున్నారు కాబట్టి ఏ అవసరం వచ్చినా ఆదుకునేలా అన్నీ తీసుకెళ్లాలి.

వాస్తవం: గుడారంలో అలమరలు ఉండవు. ఇంట్లో వంద వస్తువులు వెంటనే దొరుకుతున్నాయంటే వాటికి వంద చోట్లు ఉండటమే కారణం. అవే వంద వస్తువులు నాలుగు సంచుల్లోకి చేరితే, అడుగున పడిన ఒక్క మేజోళ్ల జత కోసం సంచి మొత్తం కుమ్మరించవలసి వస్తుంది. అందుకే సామానును ఎవరిదన్న లెక్కన కాకుండా, ఎప్పుడు కావాలన్న లెక్కన విడదీయమని చెబుతాను. చేరిన మొదటి గంటలో కావలసిన గుడారం, మేకులు, సుత్తి, తాగునీరు, పిల్లలకు కాస్త తినుబండారం వాహనంలోకి అన్నిటికన్నా చివర ఎక్కాలి, అప్పుడే అవి ముందుగా దిగుతాయి. రాత్రి దుస్తులు, బ్రష్షులు, డైపర్లు, పక్కన లేనిదే పాప నిద్రపోని బొమ్మ, ఇవన్నీ పడుకునే వేళ సంచిలో ఉండాలి. గుడారం నిలబెట్టగానే లోపలికి వెళ్లిన ఆ సంచి తిరుగు ప్రయాణం దాకా బయటకు రాకూడదు. ఒక్కో రోజుకు కావలసిన బట్టలను లోదుస్తులతో సహా ఒక్కో చిన్న మూటగా కట్టుకుంటే, ఉదయం ఒక మూట విప్పితే సరిపోతుంది. మందుల పెట్టె మాత్రం ఈ విభజనలో చేరదు. అది పెద్దలందరికీ తెలిసిన, పిల్లలకు అందని ఒకే చోట ఉండి తీరాలి.

అపోహ: నలుగురి గుడారం నలుగురికి సరిపోతుంది.

వాస్తవం: ఆ అంకె నలుగురు పక్కపక్కన పడుకోవడానికి పట్టే నేలను మాత్రమే సూచిస్తుంది, సామానును లెక్కించదు. ఇద్దరు పిల్లలున్న దంపతులకు ఆరుగురి గుడారం నయం.

అపోహ: రాత్రి చలికి దుప్పట్లు ఎక్కువగా ఉంటే చాలు.

వాస్తవం: శరీరంలోని వేడిని నేల నిరంతరం లాగేస్తుంటుంది. స్లీపింగ్ బ్యాగ్ కింది భాగం బరువుకు అణిగిపోయి, వేడిని నిలిపే గాలి పొరను కోల్పోతుంది కాబట్టి ఒంటి కింద మంచి మ్యాట్ లేనిదే పైన ఎన్ని కప్పినా ఫలితం తక్కువే. పిల్లల శరీరాలు పెద్దలవాటి కన్నా త్వరగా చల్లబడతాయి. అలాగని ఏడాదిలోపు పసివారికి వదులు దుప్పట్లు, దిండ్లు, పెద్దల స్లీపింగ్ బ్యాగులు వాడితే ముఖం కప్పుకుపోయి ఊపిరాడని ప్రమాదం ఉంది. వారికి పొరలుగా వేసిన దుస్తులు, వారి కొలతకు కుట్టిన నిద్ర సంచి క్షేమం. వెచ్చదనం కోసం పొయ్యినిగాని, ఆరిపోతున్న బొగ్గుల కుంపటినిగాని గుడారంలోకి తేవడం అన్నిటికన్నా ఘోరమైన పొరపాటు. వాటి నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు, నిద్రలో ఉన్నవారిని అది నిద్రలోనే చంపుతుంది. వంట సామానుకు గుడారం బయట చోటు కేటాయించమని నేను పట్టుబట్టడానికి మొదటి కారణం ఇదే.

అపోహ: పిల్లలు కాళ్లకు అడ్డం పడతారు, వారిని పక్కన కూర్చోబెట్టి పెద్దలే సర్దుకుంటే పని త్వరగా తెములుతుంది.

వాస్తవం: మొదటి గంట త్వరగానే తెములుతుంది, ఆ తర్వాత రోజులన్నీ పిల్లలు చెదరగొట్టినదాన్ని పెద్దలు సర్దుతూనే ఉంటారు. వస్తువు చోటు నిర్ణయించడంలో చేయి కలిపిన పిల్లలు ఆ చోటును గుర్తుంచుకుంటారు, దాన్ని తప్పిన పెద్దలను మందలిస్తారు కూడా. మూడేళ్ల పాప మేకులను లెక్కపెట్టి సంచిలో వేయగలదు, గుమ్మం దగ్గర బూట్లను జతలుగా పెట్టగలదు. అయిదేళ్ల వాడికి ఒక పెట్టె పూర్తిగా అప్పగించవచ్చు. చదవడం రాని పిల్లల కోసం పెట్టెలపై అక్షరాలకు బదులు బొమ్మలు అతికించండి. ప్రతి బిడ్డకూ తలకు కట్టుకునే సొంత దీపం (హెడ్‌ల్యాంప్) ఉంటే చీకటి భయం చాలావరకు తగ్గుతుంది. సాయంత్రం భోజనానికి కూర్చునే ముందే అది మెడలో ఉండాలన్న నియమం పెట్టుకోండి. కొన్ని దీపాల్లో ఉండే, నాణెంలాంటి చిన్న బటన్ బ్యాటరీలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక తీవ్రంగా కాలిపోతుంది కాబట్టి, బ్యాటరీ మూత స్క్రూతో బిగిసే దీపాలనే కొనండి.

అపోహ: దారి తప్పితే పిల్లలు కేకలు వేస్తారు, మనకు వినిపిస్తుంది.

వాస్తవం: భయపడిన పిల్లలు తరచుగా నడుస్తూనే పోతారు, కొందరు తమను వెతికేవారి నుంచి కూడా దాక్కుంటారు. 1981లో కాలిఫోర్నియా కొండల్లో తప్పిపోయిన తొమ్మిదేళ్ల బాలుడు మరణించిన తర్వాత, దారి తప్పితే ఒక చెట్టును పట్టుకుని అక్కడే ఉండిపోవాలని పిల్లలకు నేర్పే కార్యక్రమం మొదలైంది. ఈ పాఠాన్ని నేను మొదటి రోజే చెబుతాను. విడిదికి చేరగానే పిల్లల చేయి పట్టుకుని ఎల్లల వెంట ఒక చుట్టు నడవండి, మెడలో ఈల వేసి ఆపద వేళ మూడుసార్లు ఊదడం సాధన చేయించండి, రోజూ ఉదయం వారు వేసుకున్న బట్టలతో ఒక ఫోటో తీసి ఉంచుకోండి.

అపోహ: ఐస్ బాక్స్‌లో పెట్టిన ఆహారం పాడవదు.

వాస్తవం: మూత తీసిన ప్రతిసారీ చల్లదనం పోతుంది, పిల్లలు దాహమన్నప్పుడల్లా మూత తీస్తారు. పానీయాలకు వేరే పెట్టె పెడితే ఆహారం పెట్టె రోజుకు మూడు నాలుగుసార్లకు మించి తెరుచుకోదు. పెద్ద మంచుదిమ్మ చిన్న ముక్కల కన్నా ఎక్కువసేపు నిలుస్తుంది. చల్లదనంలో ఉంచవలసిన పదార్థాలు బయట రెండు గంటలకు మించి, 32 డిగ్రీలు దాటిన ఎండలో గంటకు మించి ఉంటే పారేయడమే మంచిది.

అపోహ: నెగడుపై ఇసుక కప్పితే ఆరిపోయినట్లే.

వాస్తవం: ఇసుక మంటను దాస్తుంది, వేడిని లోపలే గంటల తరబడి నిలుపుతుంది. ఉదయాన్నే వట్టి కాళ్లతో పరుగెత్తే పిల్లలు ఆ చోట తొక్కి కాల్చుకుంటారు. నీళ్లు పోసి, కలిపి, చేయి దగ్గర పెడితే వేడి తగలకుండా పోయేంతవరకు మళ్లీ పోయాలి.

అపోహ: తిరుగు రోజు సామాను ఎలా కుక్కినా ఫరవాలేదు.

వాస్తవం: రాత్రంతా మన ఊపిరిలోని తేమ గుడారం లోపలి వైపు పేరుకుంటుంది, తడిగా మడిచిపెట్టిన గుడ్డకు బూజు పడుతుంది. అందుచేత తెల్లవారగానే తలుపులు తెరిచి, ముందు మిగతా సామాను సర్దుకుని, గుడారాన్ని ఆరనిచ్చి చివర విప్పాలి. వానలో విప్పక తప్పకపోతే ఇల్లు చేరిన రోజే ఆరబెట్టాలి. మేకులు లెక్కపెట్టే పని తిరిగి ఆ మూడేళ్ల పాపకే ఇవ్వండి. ఒకటి తక్కువైతే అక్కడి గడ్డిలోనే వెతకవచ్చు.