ఎముకలు మెత్తబడటం: కాల్షియం బిళ్లలతో తీరిపోతుందా?

చేతులు ఊతం పెట్టకుండా కింద నుంచి లేవగలరా? మెట్లెక్కుతుంటే తొడలు బలం చాలనట్టు ఉంటున్నాయా? ఒళ్లంతా నొప్పులని వచ్చేవాళ్లను నేను ముందు అడిగేది ఈ రెండే. నడుము, తుంటి, పక్కటెముకల్లో నొప్పితో పాటు ఈ బలహీనత కూడా ఉంటే ఆస్టియోమలేసియా, అంటే ఎముకలు మెత్తబడే జబ్బు, ఉందేమో చూడాల్సిందే. దీని మీద ఉన్న అపోహల వల్ల చాలామంది ఏళ్ల తరబడి నొప్పి మాత్రలతోనే నెట్టుకొస్తున్నారు.

అపోహ: ఇది ఎముకలు గుల్లబారడమే, వయసు మీద పడితే అందరికీ వస్తుంది.

కాదు. గుల్లబారడంలో, అంటే ఆస్టియోపోరోసిస్‌లో, ఎముక మొత్తంగా తగ్గిపోతుంది. ఆస్టియోమలేసియాలో ఎముకకు కావాల్సిన ప్రొటీన్ చట్రం తయారవుతుంది కానీ, దాన్ని గట్టిపరిచే కాల్షియం, ఫాస్ఫేట్ అందులోకి చేరవు. ఇనుప చువ్వలు కట్టి కాంక్రీటు పోయకుండా వదిలేసినట్టు. ఇది ఏ వయసులోనైనా రావచ్చు. ఎదిగే పిల్లల్లో వస్తే రికెట్స్ అంటాం.

ఎముక ఎంత దట్టంగా ఉందో కొలిచే డెక్సా స్కాన్‌లో రెండింటికీ సాంద్రత తక్కువగానే కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే. స్కాన్ ఒక్కటే చూసి గుల్లబారడానికి ఇచ్చే ఇంజెక్షన్ ఇచ్చేస్తే, విటమిన్ డి బాగా తక్కువగా ఉన్నవాళ్లకు రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోవచ్చు.

అపోహ: రక్తంలో కాల్షియం నార్మల్ అంటే ఎముకలు బాగున్నట్టే.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఈ అపోహే. విటమిన్ డి లేకపోతే పేగులు కాల్షియాన్ని సరిగా పీల్చుకోలేవు, కాబట్టి ఉత్త కాల్షియం బిళ్లలతో ఇది తీరదు. రక్తంలో కాల్షియం తగ్గితే గుండెకు, నరాలకు ముప్పు కాబట్టి పారాథైరాయిడ్ హార్మోన్ పెరిగి ఎముకల్లోంచి లాగి మరీ ఆ లోటు పూడుస్తుంది. రిపోర్టులో అంకె బాగానే ఉంటుంది, ఎముక మాత్రం కరుగుతుంటుంది. పైగా అదే హార్మోన్ ఫాస్ఫేట్‌ను మూత్రంలో బయటకు పంపేస్తుంది.

అందుకే ఫాస్ఫేట్, విటమిన్ డి, పారాథైరాయిడ్ హార్మోన్, కిడ్నీ పరీక్షలు కలిపి చూడాలి. వాటితో పాటు ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ కూడా. లివర్ పరీక్షల్లో ఇది ఎక్కువగా వచ్చి, మిగతావన్నీ సవ్యంగా ఉంటే "ఏం లేదులే" అని పక్కన పెట్టేస్తుంటారు. అది ఎముక నుంచి వస్తున్న కబురు కావచ్చు. ఎక్స్‌రేలో తొడ ఎముక మెడ లోపలి అంచున సన్నటి అడ్డగీత కనిపిస్తే అనుమానం మరింత బలపడుతుంది.

అపోహ: కిటికీ దగ్గర ఎండలో కూర్చుంటే చాలు.

చర్మంలో విటమిన్ డి తయారు చేసే యూవీ-బి కిరణాలను గాజు ఆపేస్తుంది. బయట నిలబడినా, మీ నీడ మీకంటే పొడవుగా పడుతుంటే ఆ కిరణాలు తక్కువే. చర్మం రంగు ముదురైతే మరింత సమయం పడుతుంది.

అపోహ: విటమిన్ డి నార్మల్ అయితే ఈ జబ్బు లేనట్టే.

ఫాస్ఫేట్ ఒక్కటి తగ్గినా ఎముక మెత్తబడుతుంది. ఎఫ్‌జీఎఫ్-23 అనే హార్మోన్ ఎక్కువైతే కిడ్నీలు ఫాస్ఫేట్‌ను వదిలేస్తాయి. ఒంట్లో ఎక్కడో ఉన్న చిన్న గడ్డ దీనికి కారణం కావచ్చు. కొన్ని రకాల ఐరన్ ఇంజెక్షన్లు పదే పదే తీసుకున్నా ఇలా జరగొచ్చు. హెచ్‌ఐవీ, హెపటైటిస్-బిలకు వాడే టెనోఫోవిర్ మందు కిడ్నీల ద్వారా ఇదే పని చేయగలదు. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్ విటమిన్ డిని త్వరగా ఖర్చు చేయిస్తుంది. గోధుమల్లోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లకు, బరువు తగ్గించే సర్జరీ చేయించుకున్నవాళ్లకు తిన్నది ఒంటికి సరిగా పట్టదు. కాబట్టి వాడుతున్న మందులన్నీ, పాత ఆపరేషన్లతో సహా డాక్టరుకు చెప్పండి. అయితే ఫిట్స్ మందు సొంతంగా మానేయకండి.

అపోహ: విటమిన్ డి ఎంత వేసుకున్నా నష్టం లేదు.

ఉంది. అది కొవ్వులో నిల్వ ఉండే విటమిన్. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం వస్తాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. పెద్ద మోతాదు ఎన్ని వారాలు వాడాలో డాక్టరు రాసినంతే వాడాలి. లోపం వల్ల వచ్చిన జబ్బయితే సరైన చికిత్సతో నొప్పి కొన్ని వారాల్లో తగ్గడం మొదలవుతుంది, ఎముక గట్టిపడటానికి నెలలు పడుతుంది. నొప్పి పోయింది కదా అని మధ్యలో ఆపేయకండి.