తెగిన ప్రేమ, తీరని తహతహ

ప్రేమ తెగినప్పుడు ఒకరు అన్నం ముట్టక మంచం పడతారు, మరొకరు మర్నాడే ఏమీ జరగనట్టు కాలేజీ బస్సెక్కుతారు. మొదటివారిది నిజమైన ప్రేమ, రెండోవారిది కాలక్షేపం అని స్నేహితులు తేల్చేస్తారు గానీ, మనస్తత్వశాస్త్రం ఆ తీర్పును ఒప్పుకోదు. పసిబిడ్డకు తల్లితో ఉండే అనుబంధం వంటిదే పెద్దవాళ్ళ ప్రేమలోనూ పనిచేస్తుందని సిండీ హజాన్, ఫిలిప్ షేవర్ 1987లో ప్రతిపాదించారు. వదిలేస్తారేమోనన్న బెంగ మొదటినుంచీ ఎక్కువగా ఉన్నవారు విడిపోయాక పదేపదే ఫోన్ చేసి కారణం చెప్పమని బతిమాలే అవకాశం ఎక్కువ. ఎవరి మీదా ఆధారపడటం ఇష్టంలేనివారు ఆ ఊసెత్తకుండా తమ బాధ తామే పడతారు.

పదేపదే ఫోన్ చేయించే ఆ తహతహను హెలెన్ ఫిషర్ బృందం 2010లో మెదడు స్కాన్లలో వెతికింది. ప్రేమలో తిరస్కారానికి గురై, ఇంకా ఆ మనిషినే తలుచుకుంటున్న 15 మందికి ఆ మనిషి ఫొటో చూపించగా, డోపమైన్ అనే మెదడు రసాయనంతో ముడిపడిన, కోరికకు సంబంధించిన ప్రాంతాలు చురుకయ్యాయి. వాటిలో కొన్ని కొకైన్ కోసం తపించేవారిలో చురుకయ్యేవే. అయితే 15 మంది చాలా తక్కువ. ఇంతమాత్రాన ప్రేమను మత్తుమందు అనడం తొందరపాటు. ఎడబాటు బాధా, ఒళ్ళు కాలిన బాధా మెదడుకు ఒకటేనన్న ప్రచారమూ అంతే: 2011లో ఈథన్ క్రాస్ బృందం రెండింటికీ ఉమ్మడి ప్రాంతాలు చూపగా, ఆ ప్రాంతాల లోపల వాటి తీరుతెన్నులు వేర్వేరని 2014 నాటి విశ్లేషణ ఒకటి చూపింది.

నల్లగొండ, పాలమూరు వంటి చోట్ల దీనికి మరో చిక్కు తోడవుతుంది. ఇక్కడి ప్రేమలు చాలావరకు ఇంట్లో తెలియనివి కనుక వాటి దుఃఖమూ ఇంట్లో తెలియకూడదు. డిగ్రీ చదివే అమ్మాయి కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంటే, "ఏమైంది బిడ్డా, పానం మంచిగ లేదా?" అని తల్లి అడుగుతుంది, తలనొప్పి అని ఆ పిల్ల తప్పించుకుంటే అమృతాంజనం సీసా వస్తుంది. లోకం గుర్తించని, బాహాటంగా ఏడవ వీలులేని ఇటువంటి దుఃఖాన్ని గురించి అమెరికా పరిశోధకుడు కెన్నెత్ డోకా 1989లోనే రాశాడు. ఇక మిగిలేది అర్ధరాత్రి దుప్పటి చాటున ఫోను, అందులో అవతలివారి స్టేటస్. మాజీ ప్రేమికుల ఫేస్‌బుక్ పేజీని తరచూ చూసేవారిలో బాధా, కోరికా ఎక్కువగా ఉన్నాయని టారా మార్షల్ 2012లో గమనించారు. చూడటం వల్ల బాధ పెరిగిందో, బాధ వల్లనే చూస్తున్నారో ఆ అధ్యయనం తేల్చలేదు. రెండూ నిజమేనని నా అనుమానం. నంబరునైతే బ్లాక్ చేయవచ్చు గానీ, క్లాక్ టవర్ దగ్గర ఎదురుపడే మనిషిని ఎలా బ్లాక్ చేస్తాం?

పాల్ ఈస్ట్‌విక్, ఎలీ ఫింకెల్ తదితరులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో, విడిపోతే ఎంత బాధపడతామని విద్యార్థులు ముందుగా ఊహించారో, నిజంగా విడిపోయాక అంత బాధపడలేదు. ఎక్కువగా ప్రేమించినవారి అంచనాలే ఎక్కువగా తప్పాయి. అందరికీ అలా జరగదు. నిద్రాహారాలు వారాల తరబడి దూరమైనా, చచ్చిపోవాలనిపించినా, ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి, ఇంట్లో చెప్పుకోలేనిది తెలుగులోనే చెప్పుకోవచ్చు.