ఆసు, రాజు చేతిలో ఉన్నా ఫ్లాప్ ఎందుకు వెక్కిరిస్తుంది

మా మేనల్లుడు డల్లాస్‌లో ఉంటాడు. శనివారం రాత్రిళ్ళు ఎవరో ఒక ఫ్రెండ్ ఇంట్లో చిన్న పోకర్ టోర్నమెంట్ పెట్టుకుంటారట. మొన్న వాయిస్ మెసేజ్ పెట్టాడు: "మావయ్యా, ఈ నెలలో ఆసూ రాజూ ఐదుసార్లు వచ్చాయి, ఐదుసార్లూ ఫ్లాప్‌లో ఒక్క ముక్క తగల్లేదు, నాకేమైనా శని నడుస్తోందా?" మా అక్కయ్య అప్పటికే జాతకం తీసి పెట్టుకుంది. వాడేమో కుర్చీ కూడా మార్చి చూశాడట, కిటికీ పక్కది అచ్చిరాలేదని.

పోకర్ ఎలా ఆడాలో ఇక్కడ చెప్పను, అది ఎక్కడైనా దొరుకుతుంది, నాకు చెప్పడం బోరు కూడా. ఇంత తెలిస్తే చాలు: చేతికి రెండు ముక్కలు వస్తాయి, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ముందు మూడు పరుస్తారు, అదే ఫ్లాప్, తర్వాత ఒక్కొక్కటిగా ఇంకో రెండు. చేతిలో ముక్కకి అక్కడ జత దొరికితే తగిలినట్టు. నన్ను పట్టుకున్నది వాడి ప్రశ్నలోని లెక్క.

ఒక బుట్టలో 50 మామిడిపళ్ళు ఉన్నాయనుకోండి. 52లో రెండు మీ చేతికొచ్చాయి కాబట్టి మిగిలింది 50. వాటిలో పండినవి ఆరే, అంటే మూడు ఆసులు, మూడు రాజులు, మిగతా 44 పచ్చివే. కళ్ళు మూసుకుని మూడు తియ్యాలి. మూడూ పచ్చివే వచ్చే అవకాశం 44/50 × 43/49 × 42/48, చేసి చూడండి, 67.6 శాతం. రాగల ఫ్లాప్‌లు మొత్తం 19,600 అయితే 13,244 ఫ్లాపుల్లో మీ ఆసూ రాజూ ఒంటరిగానే మిగిలిపోతాయి (ఐదు ముక్కలు వరసగా వచ్చే స్ట్రెయిట్, ఐదూ ఒకే గుర్తువి వచ్చే ఫ్లష్ ముచ్చట్లు పక్కన పెట్టాను). మూడుసార్లకి రెండుసార్లు తగలకపోవడమే మామూలు సంగతన్నమాట, తగిలితేనే విశేషం. మరి ఐదుసార్లు వరసగా? 0.676ని ఐదుసార్లు గుణిస్తే 14 శాతం, అంటే ఏడుగురు మేనల్లుళ్ళుంటే వాళ్ళలో ఒకడికి జరిగేదే. శనికి ఇంతకన్నా పెద్ద పనులుంటాయి.

నేను స్కూల్లో లెక్కలు చెప్పిన రోజుల్లో పదో తరగతి సంభావ్యత పాఠంలో "బాగుగా కలిపిన 52 పేకముక్కల కట్ట" అని వచ్చేది. సగం మంది పిల్లలకి కళావరు ఏదో ఇస్పేటు ఏదో తెలిసేది కాదు, మిగతా సగానికి తెలుసు గానీ ఎలా తెలుసని అడుగుతానేమోనని నోరు మెదిపేవాళ్ళు కాదు. ఒక పేక తెచ్చి బల్ల మీద పంచితే పావుగంటలో అర్థమయ్యే పాఠం అది. తెచ్చే ధైర్యం నాకూ లేకపోయింది.

సరే, బుట్ట దగ్గరికే వద్దాం, నాకు అసలు ఇష్టమైన భాగం ఇక్కడుంది. ఎదుటివాడూ అదే బుట్టలోంచి తీసుకోవాలి కదా! వాడి చేతిలో రాణీ జాకీ ఉన్నాయనుకోండి. ఇప్పుడు బుట్టలో 48 పళ్ళు, మీకు పనికొచ్చేవి ఆరు, వాడికి పనికొచ్చేవి ఇంకో ఆరు, ఎవరికీ అక్కర్లేనివి 36. మూడూ ఆ 36లోంచే వచ్చే అవకాశం 36/48 × 35/47 × 34/46, అంటే 41 శాతం. నూటికి 41 సార్లు ఇద్దరూ ఉత్త చేతులతో కూర్చుంటారు, ఆ ఉత్త చేతుల్లో పెద్దది ఎవరిది? మీదే. మనవాడు "ఏమీ తగల్లేదు" అని ఏడుస్తున్న చోట చాలాసార్లు ముందున్నది వాడే, ఆ సంగతి వాడికి తెలీదు అంతే.

అందుకే ఫ్లాప్‌కి ముందు రెయిజ్ చేసినవాడు, అంటే పందెం పెంచినవాడు, తగలకపోయినా ఫ్లాప్ మీద మళ్ళీ బెట్ (పందెం) వేస్తాడు, దాన్నే కంటిన్యుయేషన్ బెట్ అంటారు. పాట్‌లో, అంటే అప్పటికి పోగైన పందెంలో, 1000 ఉంటే 500 వేశారనుకోండి, ఎదుటివాడు మూడుసార్లకి ఒకసారి ఫోల్డ్ చేస్తే (ముక్కలు పడేసి తప్పుకుంటే) చాలు మీకు నష్టం లేదు (500ని 1500తో భాగించండి). పాట్‌లో మూడో వంతే వేస్తే నాలుగుసార్లకి ఒకసారి చాలు. ఎదుటివాడికీ మూడింట రెండుసార్లు తగలదని గుర్తుంచుకుంటే ఇది ఎంత చవక బేరమో తెలుస్తుంది. కాకపోతే ప్రతిసారీ వేస్తే పసిగట్టేస్తారు. 2019లో ఆరుగురి ఆటలో ప్రొఫెషనల్స్‌ని ఓడించిన ప్లూరిబస్ అనే ప్రోగ్రామ్ కూడా అవే ముక్కలతో ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా ఆడేది, అదెందుకో ఇప్పుడు అర్థమైందా?

ఇదంతా ఎదురుగా ఒక్కడే ఉంటే. ముగ్గురున్నారనుకోండి, ఒక్కొక్కడు 60 శాతం సార్లు ఫోల్డ్ చేసే రకమైనా ముగ్గురూ ఒకేసారి పోవాలంటే 0.6 × 0.6 × 0.6, 22 శాతం కూడా లేదు. అర పాట్ బెట్‌కి 33 కావాలి కదా, ఇంక చెక్ చేసి (బెట్ వెయ్యకుండా) ఊరుకోవడమే. అలాగే మూడూ వేర్వేరు గుర్తులతో వచ్చే 7-2-2 ఫ్లాప్ వేరు, రెండు ఆఠీన్లతో వచ్చే 10-9-8 వేరు. మొదటిది ఎవరికీ తగిలేది కాదు, రెండోది అందరికీ ఎంతోకొంత తగులుతుంది.

మళ్ళీ మామిడిపళ్ళే, ఓపిక పట్టండి. తగల్లేదు, ఇంకా రెండు ముక్కలు రావాలి. బుట్టలో 47, పండినవి ఆరు, రెండిట్లో ఒక్కటైనా పడే అవకాశం 24 శాతం. ఫ్లాప్‌లో రాణి, జాకీ ఉంటే నాలుగు పదుల్లో ఏదొచ్చినా మీకు స్ట్రెయిట్ అవుతుంది, పనికొచ్చేవి పదవుతాయి, 24 కాస్తా 38 అవుతుంది. ఆ తేడా చాలామంది చూడరు. ఇంకొకటి, పండిన పళ్ళలో పురుగున్నవి కూడా ఉంటాయి. ఫ్లాప్ రాణి-7-2, వాడి చేతిలో ఆసు-7 అనుకోండి. ఒక ఆసు వాడి దగ్గరే ఉంది, మిగిలిన రెండు ఆసుల్లో ఏదొచ్చినా వాడికి రెండు జతలవుతాయి. మీరు ఆరు లెక్కేసుకుని కూర్చుంటే మంచివి మూడు రాజులే. పైపైన నిగనిగలాడే బంగినపల్లి కోసి చూస్తే లోపల టెంక దాకా పురుగే, అలా అన్నమాట.

టోర్నమెంట్‌లో ఇంకో మెలిక ఉంది, చిప్స్ (ఆట బిళ్ళలు) రెట్టింపైతే డబ్బూ రెట్టింపనే లెక్క ఇక్కడ పనిచెయ్యదు. నలుగురు మిగిలారు, తలా 2500 చిప్స్, బహుమతి మొత్తం 100 అనుకుంటే 50, 30, 20 ముగ్గురికే. ఇప్పుడు ఒక్కొక్కరి విలువ 25. ఇద్దరు ఆల్-ఇన్ అయ్యి, అంటే ఉన్న చిప్స్ అన్నీ పెట్టేసి, ఒకడు గెలిచాడు, చిప్స్ రెట్టింపయ్యాయి, విలువ 50 అవ్వాలిగా? అవ్వదు. మొదటి స్థానం అవకాశం సగం, రెండోది మూడో వంతు, మూడోది ఆరో వంతు: 25 + 10 + 3.33, అంటే 38.33. హార్విల్ అనే ఆయన 1973లో గుర్రప్పందేల లాంటి పోటీలకి రాసిన సూత్రం ఇది, తర్వాత పోకర్‌కి తెచ్చుకున్నారు. మిగతా 11.67 ఎటు పోయింది? చెయ్యి కదపకుండా చూస్తూ కూర్చున్న ఇద్దరికీ తలా 5.83 పోయింది. రెండు పిల్లులు కొట్టుకుంటే రొట్టె కోతికి!

25 పోగొట్టుకుని 38.33 కోసం ఆల్-ఇన్‌కి కాల్ కొట్టాలంటే (వాడు పెట్టినంతా మీరూ పెట్టాలంటే) 65 శాతం గెలుపు కావాలి. రాణుల జత మీద ఆసు-రాజుకి ఫ్లాప్ ముందే 43 శాతం, తగలకపోయాక 24కి పడిపోతుంది. కాల్ కొట్టడం దండగ. కానీ అదే ధర ఎదుటివాడికీ వర్తిస్తుంది కదా, వాడూ 65 కోసం చూస్తాడు, అంటే మీరు ముందు బెట్ వేస్తే వాడు మామూలు కన్నా ఎక్కువ ఫోల్డ్ చేస్తాడు. తగలని ఆసు-రాజుతో బెట్ వెయ్యడం చవక, కాల్ కొట్టడం ఖరీదు.

ఇదంతా వాడికి నలభై నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టాను, బ్లూ టిక్ పడింది. మర్నాడు జవాబొచ్చింది: "మావయ్యా, నిన్న ఆసు-రాజు రాలేదు, రెండూ ఏడూ వచ్చాయి, రెండూ తగిలాయి."