ఊపిరితిత్తులు బాగున్నాయా?

జర్మనీలో నౌమ్‌బుర్గ్ చిన్న ఊరు. అక్కడి సెయింట్ వెంజెల్ చర్చిలో జకరియాస్ హిల్డెబ్రాంట్ 1746లో పూర్తిచేసిన పైప్ ఆర్గన్, అంటే గొట్టాల్లోకి గాలి పంపి పలికించే వాద్యం, ఇప్పటికీ మోగుతోంది. చేతులకు మూడు వరుసల మీటలు, కాళ్లకు మరో వరుస, మొత్తం 53 స్టాపులు (లాగితే ఒక్కో రకం గొట్టాల వరుసకు గాలి వదిలే పిడులు). ఆ సెప్టెంబరులో దాన్ని పరీక్షించడానికి ఊరివాళ్లు పిలిపించింది స్వరకర్త యొహాన్ సెబాస్టియన్ బాఖ్‌ని, ఆర్గన్ల తయారీలో పేరుమోసిన గాట్‌ఫ్రీడ్ జిల్బర్‌మన్‌ని. హిల్డెబ్రాంట్‌కి పని నేర్పిన గురువు ఈ జిల్బర్‌మన్నే.

కొత్త ఆర్గన్ దగ్గర బాఖ్ చేసే మొదటి పని, స్టాపులన్నీ లాగేసి వీలైనన్ని స్వరాలు కలిపి నిండుగా వాయించడం. దాని ఊపిరితిత్తులు ఏపాటివో ముందు తెలియాలనేవాడని ఆయన కొడుకు రాశాడు. ఎంత సరైన పరీక్షో! ఆర్గన్‌కి గాలే ప్రాణం. ఆ కాలపు ఆర్గన్లలో తిత్తుల గాలి పీడనం సాధారణంగా ఏడెనిమిది సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానం, అంటే వాతావరణ పీడనంలో ఒక శాతం కూడా ఉండదు. పెద్ద గొట్టాలు ఒక్కసారిగా గాలి లాగేసుకుంటే ఆ కాస్త పీడనమూ పడిపోతుంది, శ్రుతి వణుకుతుంది.

ఎక్కువ గొట్టాలు పిల్లనగ్రోవి పద్ధతిలో పలుకుతాయి. సన్నటి చీలికలోంచి వచ్చిన గాలి పై పెదవి అంచుకు తగిలి, అటూ ఇటూ ఊగి, లోపలి గాలిని కంపింపజేస్తుంది. గొట్టం పొడవు రెట్టింపయితే స్వరం ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఎనిమిది అడుగుల గొట్టం సెకనుకు సుమారు 65 కంపనాలిస్తే, పదహారు అడుగులది దాదాపు 33 ఇస్తుంది.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది స్టాపుల లెక్క. ఎనిమిది అడుగుల స్టాపుతో పాటు నాలుగు అడుగులది, రెండున్నర అడుగులకు కాస్త ఎక్కువగా ఉండే (ఎనిమిదిలో మూడో వంతు) మరొకటి, రెండు అడుగులది లాగి ఒక్క మీట నొక్కండి. నాలుగు గొట్టాలు మోగుతాయి. చెవికి మాత్రం నాలుగు వినిపించవు, కొత్త రంగు పులుముకున్న ఒకే స్వరం వినిపిస్తుంది. కారణం, ఆ గొట్టాల కంపనాలు 1, 2, 3, 4 నిష్పత్తిలో ఉన్నాయి. ఏ ఒక్క స్వరంలోనైనా సహజంగా దాగి ఉండే అనుస్వరాలు అవే. ఫ్రెంచి శాస్త్రవేత్త జోసెఫ్ సోవర్ 1702లో ఈ సంబంధాన్ని వివరించాడు. ఆర్గన్ కట్టేవాళ్లు అంతకు ఎన్నో తరాల ముందే చెవిని నమ్ముకుని ఆ పని చేస్తున్నారు.

రెండో రకం గొట్టాల్లో పలికేది ఇత్తడి నాలుక. ఇక్కడే చిక్కు. చర్చిలో వేడి 10 డిగ్రీలు పెరిగితే గాలిలో ధ్వని వేగం పెరిగి, మొదటి రకం గొట్టాల శ్రుతి అరస్వరంలో దాదాపు మూడో వంతు పైకి పోతుంది. నాలుకలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. కాబట్టి చలికాలంలో, వేసవిలో రెండు వర్గాలకీ పొత్తు చెడుతుంది. వేల గొట్టాలను సవరించడం కంటే కొద్దిపాటి నాలుకలను సవరించడమే తేలిక కనుక, శ్రుతి చేసేవాళ్లు తరచూ నాలుకను నొక్కిపట్టే తీగనే కాస్త జరుపుతారు.

నౌమ్‌బుర్గ్‌లో బాఖ్, జిల్బర్‌మన్ ఇచ్చిన నివేదిక ప్రకారం ఒప్పందంలో రాసుకున్నవన్నీ ఉన్నాయి. అయినా హిల్డెబ్రాంట్ ప్రతి స్టాపునూ ఇంకోసారి చూడాలనీ, గొట్టాల పలుకూ మీటల కదలికా మరింత సమంగా చేయాలనీ వాళ్లు అడిగారు. రెండేళ్లకు ఆ ఆర్గన్ వాయించే ఉద్యోగం బాఖ్ శిష్యుడు ఆల్ట్‌నికోల్‌కి దక్కింది. మరుసటి ఏడాది అతను బాఖ్‌కి అల్లుడయ్యాడు.