రెండు కాళ్ళకూ సమానమైన బరువు

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు.

మీలో ఒక అమ్మాయి ఈ మధ్య నాకొక ఫొటో పంపింది. డ్రమ్ముల సెట్టు ఫొటో. నడుమ స్నేర్ అనే చిన్న డ్రమ్ము, దానికి సరిగ్గా ఎదురుగా బేస్ డ్రమ్ము, అటొక హైహ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట తాళాలు), ఇటొక హైహ్యాట్, అటు రెండు టామ్‌లు (చేతి పుల్లలతో వాయించే మరికొన్ని డ్రమ్ములు), ఇటు రెండు టామ్‌లు. మధ్యలో దారం పట్టి కొలిచి పెట్టినట్టుగా ఉంది. ఫొటో కింద ఇలా రాసింది: "తాతయ్యా, పరీక్షలయ్యాక అమ్మ నాకు డబుల్ పెడల్ కొనిస్తానంది. మా చర్చిలో వాయించే అన్నయ్య దగ్గర పెడల్ అడిగి తెచ్చి పెట్టి చూశాను. నా సెట్టు మొత్తం ఒక పక్కకు తిరిగిపోయింది. రెండు వైపులా సమానంగా ఉండాలంటే ఎలాంటి పెడల్ కొనాలి?"

డబుల్ పెడల్ అంటే ఒకే బేస్ డ్రమ్మును రెండు కాళ్ళతోనూ వాయించే జంట పెడల్. అమ్మాయి ప్రశ్నకు జవాబు ఒక్క మాటలో చెప్పవచ్చు. కానీ ఆ మాట ఎందుకు అంటున్నానో తెలియకపోతే రేపు దుకాణంలో ఎవరు ఏది చూపిస్తే అదే మంచిదనిపిస్తుంది. అందుకని మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

డ్రమ్ములు వాయించనివాళ్ళకు ముందు కాస్త చెప్పాలి. సెట్టులో అన్నిటికన్నా పెద్దది బేస్ డ్రమ్ము. దాన్ని నిలబెట్టి కాలితో వాయిస్తారు. కాలి కింద ఒక పలక ఉంటుంది. పలకను తొక్కితే చైను లాగుతుంది, పైన ఉన్న చిన్న ఇరుసు తిరుగుతుంది, దానికి బిగించిన సుత్తిలాంటి బీటర్ వచ్చి డ్రమ్మును కొడుతుంది. కాలు తేలిక చేస్తే స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. ఇలాంటి పెడల్‌కు 1909లో అమెరికాలోని చికాగోలో విలియం ఎఫ్. లుడ్విగ్ అనే డ్రమ్మరు పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు కూడా కాలి పెడళ్ళు ఉన్నాయి. ఆ రోజుల్లో ఊపు మీదున్న రాగ్‌టైమ్ అనే అమెరికన్ పాటల వేగాన్ని అవి అందుకోలేకపోయాయి.

కుడికాలు వాయిస్తుంటే ఎడమకాలు ఎందుకు ఊరుకోవాలి? ఈ ఆలోచన లూయీ బెల్సన్ అనే కుర్రవాడికి పదిహేనేళ్ళ వయసులో, అంటే దాదాపు మీ వయసులో వచ్చింది. రెండు బేస్ డ్రమ్ములున్న సెట్టును కాగితం మీద గీశాడు. 1950లలో డ్యూక్ ఎల్లింగ్టన్ జాజ్ బృందంలో నిజంగానే రెండు పెద్ద డ్రమ్ముల వెనక కూర్చుని వాయించాడు. కానీ రెండు డ్రమ్ములు మోసుకు తిరగడం, వేదిక మీద చోటు దొరకడం అందరికీ కుదిరే పని కాదు. 1983లో డ్రమ్ వర్క్‌షాప్ అనే అమెరికన్ కంపెనీ తెచ్చిన జంట పెడల్‌తో ఒకే డ్రమ్మును రెండు కాళ్ళతో వాయించడం మామూలు విషయమైపోయింది. ఇప్పుడు మన ఊళ్ళలో దొరికే డబుల్ పెడళ్ళు చాలావరకు ఆ పద్ధతిలోనివే. చర్చి అన్నయ్యదీ అదే అయి ఉంటుంది.

ఇక మా నాన్నగారి కాడి సంగతి చెప్పాలి.

కృష్ణా డెల్టాలో మాది వరిపొలం. నాన్నగారు తెల్లవారుజామున దుక్కికి వెళ్ళేటప్పుడు లాంతరు పట్టుకుని వెంట వెళ్ళడం నా పని. ఎడమ వైపు కట్టే ఎద్దు దాపటిది, కుడి వైపుది వెలపటిది. ఏ ఎద్దు ఏ వైపు అలవాటు పడితే జీవితాంతం ఆ వైపే కట్టాలి. మార్చి కడితే అది బెదిరి, అడుగు తడబడి, చాలు వంకర పోతుంది. రెండిటి మెడల మీద కాడి. కాడికి సరిగ్గా నడుమ నాగలి ఏడికోలను, అంటే నాగలి పొడవాటి కర్రను, తాడుతో కడతారు. ఆ కట్టు నడుమ ఉంటే రెండిటి మీదా సమానమైన బరువు. ఒక ఏడు మా దాపటి ఎద్దు ముసలిదైపోతే దాని స్థానంలో కొత్త కోడెను కట్టారు. ఆ రోజు నాన్నగారు కట్టును బెత్తెడు వెలపటి ఎద్దు వైపు జరిపారు. చూడటానికి వంకరగా ఉంది. ఎందుకు నాన్నగారూ అని అడిగితే, "కోడె చిన్నది. కట్టు దానికి దూరమైతే దాని మీద బరువు తగ్గుతుంది. పెద్దది కాస్త ఎక్కువ మోస్తుంది" అన్నారు. కోడె కండపట్టిన కొద్దీ కట్టు మళ్ళీ నడుమకు వచ్చింది. అలా జరుపుతూ రావడం చూడటం నాకు చాలా ఇష్టంగా ఉండేది. బరువును తూచకుండా, ఎద్దు నడక చూసి ఎంత జరపాలో ఆయనకు తెలిసేది.

మీ రెండు కాళ్ళూ ఆ ఎద్దులే అనుకోండి. నాగలి స్థానంలో డ్రమ్మును కొట్టే బీటర్లు ఉన్నాయి. మామూలు డబుల్ పెడల్‌లో రెండు బీటర్లూ కుడికాలి పెడల్ మీదే ఉంటాయి. అంటే నాగలి కట్టు వెలపటి ఎద్దు మెడకే ఉంది! దాపటి ఎద్దు దూరంగా నిలబడి, అడ్డంగా పెట్టిన ఒక పొడవాటి ఇనుప షాఫ్టు ద్వారా తన పని చేస్తోంది. ఆ షాఫ్టుకు రెండు చివరలా మడత కీళ్ళు ఉంటాయి. కీళ్ళు కొద్దిగా రాసుకుంటాయి, అరిగితే లూజు వస్తుంది. ఆ రాపిడంతా ఎడమకాలి మీదే పడుతుంది. మనలో చాలామందికి బలం తక్కువగా, అలవాటు తక్కువగా ఉండేది కూడా ఎడమకాలే. నాన్నగారు కోడెకు బరువు తగ్గించారు. ఈ పెడల్ కోడెకే బరువు పెంచుతోంది.

సెట్టు తిరిగిపోవడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, రెండు కాళ్ళనూ హాయిగా నేల మీద ఆనించి చూడండి. పాదాలు రెండూ కాస్త బయటికి తిరిగి ఉంటాయి. మామూలు పెడల్‌లో కుడి పలక డ్రమ్ము అంచుకు లంబకోణంలో బిగుస్తుంది. కుడికాలు ఎటు తిరిగితే పలక అటు, పలక ఎటు తిరిగితే డ్రమ్ము అటు. కాబట్టి డ్రమ్ము మీ నడుమ నుంచి కుడికి జరుగుతుంది, మొహం కూడా కుడికి తిప్పుకుంటుంది. టామ్‌లు డ్రమ్ము మీదే బిగించి ఉంటే అవీ దానితో పాటే పోతాయి. అమ్మాయీ, నీ పొరపాటు ఏమీ లేదు. ఆ కాడి కట్టే అలాంటిది.

కట్టు నడుమ ఉన్న పెడళ్ళు కూడా ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని సిడ్నీకి చెందిన డాన్ స్లీష్‌మన్ చేసిన జంట పెడల్ అలాంటిది. ఆఫ్‌సెట్ అనే పేరుతో అమెరికాలో వచ్చినదీ అంతే. వీటిలో బీటర్లున్న భాగం ఒక్కటే డ్రమ్ముకు నడుమ బిగుస్తుంది. పలకలు రెండూ చెరో పక్కన, సమానమైన దూరంలో ఉంటాయి. కుడికాలికి ఎంత రాపిడో ఎడమకాలికీ అంతే. డ్రమ్ము నేరుగా ముందుకు చూస్తుంది, పాదాలు తమ ఇష్టప్రకారం బయటికి తిరుగుతాయి. నీ ఫొటోలోని సెట్టుకు అచ్చంగా సరిపోయేది ఇదే. ఒక్క మాటలో జవాబు కావాలంటే ఇదే ఆ జవాబు.

అయితే ఇవి మన దుకాణాల్లో వరుసగా పేర్చి ఉండే వస్తువులు కావు. తెప్పించుకోవాలి. విడిభాగం పోతే మళ్ళీ తెప్పించుకోవాలి. కుడికాలితో ఇన్నేళ్ళూ పెడల్ మీద నేరుగా వాయించినవాళ్ళకు, కుడికి కూడా షాఫ్టు అడ్డం వచ్చేసరికి మొదట్లో బరువుగా అనిపిస్తుంది. రెండిటికీ సమానం అనడంలో ఆ సంగతి కూడా ఉంది: తేలికగా ఉన్న కాలు కాస్త తేలికను వదులుకోవాలి. ఇంట్లో అన్నదమ్ముల మధ్య సమానం చేసేటప్పుడు కూడా అంతే కదా!

ఆ పెడల్ దొరకకపోతే? మామూలు పెడలే మంచిది చూసి కొనుక్కో. టామ్‌లను బేస్ డ్రమ్ము మీద నుంచి తీసి స్టాండ్ల మీద పెట్టు. అప్పుడు స్నేర్, టామ్‌లు, సింబళ్ళు, హైహ్యాట్లు అన్నీ నీ నడుముకు అటూ ఇటూ సమానంగానే ఉంటాయి. కింద డ్రమ్ము ఒక్కటే కాస్త కుడికి జరుగుతుంది. ఎదుట కూర్చుని చూసేవాళ్ళకు అది తెలుస్తుంది, నీ చేతులకు తెలియదు. నేనైతే దీన్ని తక్కువ ఏర్పాటు అనను. సమానత్వం చూపులో కన్నా చేతికీ కాలికీ అందే తీరులో ఉండాలి. సైమన్ ఫిలిప్స్, బిల్లీ కోబమ్ లాంటి గొప్ప డ్రమ్మర్లు చేతులు ఒకదాని మీదుగా ఒకటి దాటించకుండా వాయిస్తారు, వాళ్ళు రెండు బేస్ డ్రమ్ములే పెట్టుకుని వాయించారు. డ్రీమ్ థియేటర్ అనే రాక్ బృందంలో వాయించిన మైక్ మాంజీనీ సెట్టు అటూ ఇటూ ఒకేలా ఉండేది. ఏ చేతితోనైనా పాటను నడిపించాలనే పట్టుదలతోనే అలా పెట్టుకున్నాడు. మన మృదంగంలో అయితే కుడి వైపు కరణి అనే నల్లటి పూత, ఎడమ వైపు రవ్వ ముద్ద. రెండు మొహాలకూ రెండు పనులు. ఏది ఎక్కువ, ఏది తక్కువ అనే లెక్క అక్కడ లేదు. నువ్వు ఎంచుకున్న దారి వేరు, అంతే.

షాఫ్టు గురించి ఇంకొక్క మాట. ఆ మడత కీలు మీరు చూడాలంటే లారీ ఆగి ఉన్నప్పుడు, డ్రైవరు గారిని అడిగి, కాస్త దూరం నుంచే వంగి కిందికి చూడండి. ఇంజను వైపు నుంచి వెనక చక్రాల వైపు పోయే పొడవాటి గొట్టం, దాని చివర శిలువలాంటి ఇనుప ముక్క కనిపిస్తాయి. మెకానిక్కులు దాన్ని క్రాస్ అంటారు. పెడల్‌లో ఉన్నది దాని చిన్న తమ్ముడే. ఈ కీలు ఎక్కువగా వంగితే ఒక చివర తిరిగినంత సాఫీగా రెండో చివర తిరగదు. 17వ శతాబ్దంలో రాబర్ట్ హుక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఈ సంగతిని గమనించి లెక్క కట్టాడు. రెండు కీళ్ళూ ఒకే కోణంలో, కుదురుగా అమర్చి ఉంటే ఒకదాని ఎగుడుదిగుడును మరొకటి సరిచేస్తుంది. కాబట్టి షాఫ్టును వీలైనంత తిన్నగా ఉంచాలి, రెండు చివరల వంపూ ఒకేలా ఉండాలి. పొడవు సరిచేసుకునే షాఫ్టు ఉన్న పెడలే కొనాలి. నీ కాళ్ళు ఇంకా పెరుగుతాయి.

చైను మంచిదా, బెల్టు మంచిదా, నేరుగా కడ్డీతో లాగే డైరెక్ట్ డ్రైవ్ మంచిదా అని పెద్దవాళ్ళు గంటలు గంటలు వాదించుకుంటారు. మొదటి పెడల్‌కు చైను చాలు. స్ప్రింగు మాత్రం ఎడమకూ కుడికీ విడివిడిగా బిగించుకునేలా ఉండాలి. నాన్నగారు కట్టు జరిపిన పని ఇక్కడ ఆ స్ప్రింగుతో చేయాలి. ఎడమ వైపు రాపిడికి తగ్గట్టు కొద్దికొద్దిగా తిప్పుతూ, తొక్కి చూస్తూ, రెండు కాళ్ళకూ ఒకేలా అనిపించేదాకా ఓపిక పట్టాలి. ఎడమ హైహ్యాట్ పెడల్‌ను ఎడమ పలకకు పక్కనే ఆనించి పెట్టు. రెండు కాళ్ళూ బేస్ మీద ఉన్నప్పుడు దాన్ని మూసి పట్టుకునే డ్రాప్ క్లచ్ ఒకటి విడిగా దొరుకుతుంది. కుడి వైపు హైహ్యాట్‌ను మూసి బిగించి ఉంచితే చాలు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. డ్రమ్మును సరిగ్గా నడిబొడ్డున కొడితే ఒక ధ్వని, కొంచెం పక్కన కొడితే ఇంకో ధ్వని. నడుమ కొడితే చర్మం చుట్టూ ఒకే తీరుగా లేచి పడే కదలికలే మేలుకుంటాయి. పక్కన కొడితే ఒక సగం పైకి లేస్తుంటే ఇంకో సగం కిందికి దిగే కదలికలు కూడా వచ్చి కలుస్తాయి. మామూలు పెడల్‌లో కుడి బీటర్ నడిబొడ్డున, ఎడమ బీటర్ పక్కన పడితే రెండు కాళ్ళకూ రెండు గొంతులు వస్తాయి. పెడల్‌ను కొద్దిగా కుడికి జరిపి, రెండు బీటర్లూ నడిమి నుంచి సమానమైన దూరంలో పడేలా చూస్తే గొంతు ఒకటే అవుతుంది. డ్రమ్ము గుండ్రంగా ఉండటం వల్ల ఎడమకు రెండు అంగుళాలైనా, కుడికి రెండు అంగుళాలైనా దానికి ఒకటే! మనం కష్టపడి తేవాలనుకునే సమానత్వం ఆ చర్మంలో ముందే ఉంది. దీని వెనక ఉన్న గణితం పెద్ద తరగతుల్లో వస్తుంది, ఇప్పుడు రాయను. నేల మీద నిలబెట్టే పెద్ద టామ్ (ఫ్లోర్ టామ్) మీద ఓ చెంచాడు బొంబాయి రవ్వ చల్లి, నడుమ ఒకసారి, అంచు దగ్గర ఒకసారి వేలితో తట్టి చూడండి. చూసి, వినండి.

అమ్మాయీ, దుకాణానికి వెళ్ళే ముందు ఇంట్లో ఒక పని చెయ్యి. నీ స్టూలు మీద కూర్చుని, కాళ్ళు హాయిగా పెట్టి, రెండు పాదాల చుట్టూ సుద్దముక్కతో గీయించు. మడమల మధ్య దూరం, బొటనవేళ్ళ మధ్య దూరం కొలిచి రాసుకో. దుకాణంలో పలకలను ఆ కొలతకే పెట్టమని అడుగు. ముందు ఎడమకాలితోనే తొక్కి చూడు. తరువాత డ్రమ్ముకు ఆనకుండా ఎడమ బీటర్‌ను వెనక్కి లాగి వదిలి, ఆగేదాకా ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టు. కుడి బీటర్‌తోనూ అలాగే చెయ్యి. రెండు లెక్కలూ ఎంత దగ్గరగా ఉంటే అంత మంచి పెడల్. కొలతలూ, ఆ లెక్కలూ నాకు రాసి పంపు. చూసి, అందులో ఏది తీసుకోవాలో చెబుతాను.

ప్రేమతో,
మీ తాతయ్య